విమాన శిల్పి – జిరో హోరికోషి

ఒక పెద్ద నిర్మాణానికి పూనుకొనే ముందు దాని చిన్న నమూనాను చేసి చూసుకోవడం మానవునికి అనాదిగా ఉన్న అలవాటు. ఆలయాన్ని నిర్మించే స్థపతి, రథాన్ని చేసే వడ్రంగి, ఓడను కట్టే నిపుణుడు తమ ఊహను ముందుగా చిన్న రూపంలో నిలిపి, దాని గుణదోషాలను పరిశీలిస్తారు. విమానానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. గగనవిహారం చేయడానికి ముందు అది నమూనా రూపంలో వాయుసొరంగంలో నిలిచి గాలి తాకిడిని ఎదుర్కొంటుంది. తమ కాలం ముగిసిన తరువాత కొన్ని విమానాలు మళ్ళీ నమూనాలుగా మారి ఇళ్ళలోని బల్లల మీదికి చేరుకొంటాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను నౌకాదళం వాడిన జీరో యుద్ధవిమానం ఈ రెండు దశలనూ చూసింది. దాని తొలి పరీక్షలకు వాడిన ఒక నమూనా ప్రాణాంతకమైన లోపాన్ని పట్టి ఇవ్వలేకపోయింది. అది ఆకాశం నుంచి కనుమరుగైన తరువాత వచ్చిన నమూనాలు దాని నిర్మాణ రహస్యాలను దేశదేశాల యువకులకు విప్పి చెబుతున్నాయి. ఆ విమానాన్ని రూపొందించిన శిల్పి జిరో హోరికోషి.

హోరికోషి 1903 జూన్ 22న జపానులోని గుమ్మా ప్రాంతంలో, ఫుజియోకా పట్టణ సమీపంలో జన్మించారు. జపాను భాషలో జిరో అంటే రెండవ కుమారుడని అర్థం. ఆయన విమానానికి వచ్చిన జీరో అనే పేరుకూ, దీనికీ సంబంధం లేదు. ఆయన పుట్టిన సంవత్సరంలోనే, డిసెంబరు నెలలో, అమెరికాలో రైట్ సోదరులు యంత్రశక్తితో నడిచే విమానాన్ని తొలిసారిగా ఎగురవేశారు. ఆ విధంగా విమానమూ, విమాన శిల్పీ ఒకే ఏడాది లోకంలోకి అడుగు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలంలో ఆయన బాలుడు. ఐరోపా ఆకాశంలో విహరించే విమానాల గురించి పత్రికలలో వచ్చే వార్తలను ఎంతో ఆసక్తితో చదివేవారు. ఆ ఆసక్తి వయస్సుతోపాటు పెరిగి, ఆయనను టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వైమానిక శాస్త్ర శాఖకు చేర్చింది. ఆ శాఖ అప్పటికి కొత్తది. విద్యార్థులు కొద్దిమందే. హిడెమాసా కిమురా, టకెయో దోయి అనే వారు అక్కడ ఆయనకు సహాధ్యాయులు. వారు కూడా తరువాతి కాలంలో పేరుపొందిన విమాన నిర్మాతలయ్యారు.

1927లో పట్టభద్రులైన హోరికోషి నగోయా నగరంలోని మిత్సుబిషి విమాన కర్మాగారంలో ఇంజనీరుగా చేరారు. అప్పటికి జపాను విమాన పరిశ్రమ స్వతంత్రంగా నిలబడలేదు. విదేశీ ఇంజనీర్లను రప్పించుకోవడం, విదేశీ విమానాలను అనుమతితో తయారుచేయడం అక్కడి ఆచారం. సంస్థ యువ ఇంజనీరైన హోరికోషిని 1929లో విదేశాలకు పంపింది. జర్మనీలో యుంకర్స్ సంస్థలోనూ, అమెరికాలో కర్టిస్ సంస్థలోనూ పని తీరును ఆయన పరిశీలించారు. తమ దేశం ఎంత వెనుకబడి ఉన్నదో ఆయనకు స్పష్టంగా తెలిసింది. ఆ వెనుకబాటును అనుకరణతో దాటలేమని కూడా తెలిసింది.

1932లో నౌకాదళం కోరిన ఒక యుద్ధవిమానానికి ప్రధాన రూపకర్తగా సంస్థ ఆయనను నియమించింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. విమాన వాహక నౌక మీద దిగవలసిన ఆ విమానానికి, అప్పటి పద్ధతికి భిన్నంగా, ఒకే జత రెక్కలను క్రింది భాగంలో అమర్చారు. ఆలోచన సాహసోపేతమైనదే గాని ఫలితం నిరాశ కలిగించింది. తయారైన రెండు విమానాలూ పరీక్షలలోనే నాశనమయ్యాయి. ఒకదాని తోక భాగం గాలిలో విరిగిపోయింది. మరొకటి గిరగిర తిరుగుతూ అదుపు తప్పి నేల కూలింది. చోదకులు పారాచూట్ల సాయంతో ప్రాణాలు దక్కించుకొన్నారు. తొలి ప్రయత్నంలోనే ఇంత పరాజయం ఎదురైతే మరొకరు వెనుకంజ వేసేవారే. హోరికోషి మాత్రం ఆ శకలాలలో తన తరువాతి విమానానికి కావలసిన పాఠాలను వెదికారు.

రెండు సంవత్సరాల తరువాత ఆయనకు మరొక అవకాశం వచ్చింది. ఈసారి ఆయన ఉపరితలం మీద దృష్టి నిలిపారు. ఆ కాలపు లోహ విమానాల మీద రివెట్ల తలలు పొక్కుల వలె పైకి పొడుచుకొని ఉండేవి. అవి గాలిని అడ్డగించి వేగాన్ని హరించేవి. హోరికోషి రివెట్ల తలలు రేకుతో సమంగా అణిగి ఉండేటట్లు చేయించారు. చక్రాల కాళ్ళను పొట్టివి చేసి తొడుగులు వేశారు. 1935 ఫిబ్రవరి 4న ఆ విమానం ఎగిరింది. నౌకాదళం గంటకు 350 కిలోమీటర్ల వేగం కోరగా అది దాదాపు 450 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. లోహపు చర్మాన్ని అద్దం వలె నునుపు చేయడంలో ఎంత శక్తి దాగి ఉన్నదో ఆ ప్రయోగం నిరూపించింది. అదే 96వ రకం యుద్ధవిమానంగా నౌకాదళంలో ప్రవేశించింది.

1937లో జపాను చైనాతో పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ ఏడాదే నౌకాదళం కొత్త విమానానికి కావలసిన లక్షణాలను ప్రకటించింది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో గంటకు 500 కిలోమీటర్ల వేగం ఉండాలి. మూడున్నర నిమిషాలలో మూడు వేల మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. అదనపు ఇంధన తొట్టితో ఆరు నుంచి ఎనిమిది గంటలపాటు గాలిలో నిలవాలి. రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులూ, రెండు మరతుపాకులూ మోయాలి. ఇన్ని చేస్తూ కూడా పాత విమానమంత చురుకుగా మలుపు తిరగాలి. ఈ కోరికలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. దూరం పోవాలంటే ఇంధనం కావాలి, ఇంధనం బరువు. ఫిరంగులూ బరువే. బరువు పెరిగితే చురుకుదనం నశిస్తుంది. పోటీ సంస్థ అయిన నకజిమా ఈ లక్షణాలను చూసి 1938 ప్రారంభంలోనే తప్పుకొన్నది.

ఆ ఏప్రిల్‌లో జరిగిన సమావేశంలో హోరికోషి, వేగం, దూరం, చురుకుదనం అనే మూడింటిలో దేనికి ప్రాధాన్యమివ్వాలో చెప్పవలసిందని నౌకాదళ అధికారులను అడిగారు. అనుభవజ్ఞులైన ఇద్దరు అధికారులు దీనిపై తీవ్రంగా వాదించుకొన్నారు. ఒకరు చురుకుదనమే ప్రాణమన్నారు. మరొకరు వేగమూ దూరమూ ముఖ్యమన్నారు. ఎవరూ తమ పట్టు సడలించలేదు. వాదం తెగలేదు కనుక కోరికలన్నీ అలాగే నిలిచాయి. వాటినన్నింటినీ తీర్చవలసిన భారం రూపకర్త భుజాల మీద పడింది.

ఇంజన్ల విషయంలో హోరికోషికి పెద్దగా ఎంపిక లేదు. అప్పటి జపాను ఇంజన్లు సుమారు వెయ్యి అశ్వశక్తి స్థాయిలోనివే. శక్తి పెంచే మార్గం లేనప్పుడు బరువు తగ్గించడమొక్కటే ఆయన చేతిలో ఉన్నది. అప్పటి నుంచి ఆయన బరువు మీద నిజంగా ఒక తపస్సే చేశారు. విమానం మొత్తం బరువులో లక్షవ వంతు వరకు లెక్క చూసుకొన్నారంటారు. సుమితోమో సంస్థ 1936లో కనుగొన్న కొత్త అల్యూమినియం మిశ్రమ లోహాన్ని రెక్కల ప్రధాన దూలాలకు వాడారు. లోపలి చట్రాలలో బలానికి అవసరం లేని చోటనెల్లా గుండ్రని రంధ్రాలు చేయించారు. రెక్కలను విడిగా చేసి బోల్టులతో బిగించే పాత పద్ధతిని మాని, రెండు రెక్కలనూ ముందు దేహంతో కలిపి ఒకే నిర్మాణంగా చేశారు. అన్ని భాగాలూ తాము మోయవలసిన గరిష్ఠ భారానికి 1.8 రెట్లు తట్టుకోవాలనే నిబంధన అప్పట్లో ఉండేది. హోరికోషి ఈ నిబంధనను కూడా ప్రశ్నించి, కొన్ని సన్నని భాగాలకు శాస్త్రీయమైన కారణాలు చూపి ఆ గుణకాన్ని తగ్గించారు.

ఆయన సూక్ష్మదృష్టికి మరొక ఉదాహరణ ఉన్నది. విమానం నెమ్మదిగా పోయేటప్పుడు తోకలోని పలకను ఎక్కువగా తిప్పాలి. వేగంగా పోయేటప్పుడు కొద్దిగా తిప్పితే చాలు. చోదకుని చేతికి మాత్రం రెండు సందర్భాలలోనూ కర్ర ఒకే విధంగా స్పందించాలి. ఇందుకోసం హోరికోషి చోదకుని కర్రను తోకతో కలిపే తీగకు కావాలనే కొంత సాగే గుణం కల్పించారు. వేగం హెచ్చినప్పుడు గాలి ఒత్తిడికి తీగ సాగి, పలక తక్కువగా కదిలేది. నిర్మాణంలో మెత్తదనం దోషమని అందరూ భావించే చోట ఆయన దానిని గుణంగా మార్చారు. అయితే అదే మెత్తదనం మరొక చోట, ఆయన చూడని చోట, పొంచి ఉన్నది.

1939 మార్చిలో తొలి విమానం సిద్ధమైంది. నగోయా కర్మాగారం ప్రక్కన దానికి తగిన విమానాశ్రయం లేదు. సుమారు 48 కిలోమీటర్ల దూరంలో ఉన్న కగమిగహరాకు దానిని తరలించాలి. గతుకుల దారిలో మోటారు బండి మీద తీసుకుపోతే సున్నితమైన భాగాలు దెబ్బతింటాయి. అందుచేత ఆ కాలపు అత్యాధునిక విమానాన్ని రెండు భాగాలుగా విప్పి, ఎడ్లబండ్ల మీద రాత్రంతా నడిపించి తీసుకువెళ్ళారు. ఏప్రిల్ 1న కట్సుజో షిమా అనే చోదకుడు దానిని ఎగురవేశాడు. మొదట్లో కనిపించిన అదురును, రెండు ఆకుల పంకాకు బదులు మూడు ఆకుల పంకాను అమర్చి తగ్గించారు. తరువాత మరింత శక్తిగల సకాయె ఇంజనును బిగించడంతో వేగం గంటకు 530 కిలోమీటర్ల వరకు పెరిగింది. అదనపు తొట్టితో అది మూడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలిగింది. 1940 జూలైలో నౌకాదళం దానిని స్వీకరించింది. జపాను సంప్రదాయ గణనలో అది 2600వ సంవత్సరం. చివరి అంకె సున్నా కనుక విమానానికి సున్నా రకం అని పేరు వచ్చింది. లోకం దానిని జీరో అని పిలిచింది.

అయితే ఆ స్వీకారానికి ముందే ఒక ప్రాణం పోయింది. 1940 మార్చి 11న రెండవ విమానాన్ని నిట్టనిలువుగా క్రిందికి దూకించి పరీక్షిస్తుండగా అది గాలిలోనే ముక్కలైంది. చోదకుడు ఒకుయామా మరణించారు. తోక పలక సమతూకానికై అమర్చిన చిన్న బరువు ముందే విరిగిపోవడం వలన తోకలో భయంకరమైన అదురు పుట్టిందని దర్యాప్తులో భావించారు. ఆ భాగాన్ని బలపరిచారు.

మరుసటి ఏడాది అంతకన్నా లోతైన ప్రశ్న ఎదురైంది. 1941 ఏప్రిల్ 16న ఒక జీరో విమానం వేగంగా క్రిందికి దూకుతుండగా, రెక్క చివర కదిలే ఐలెరాన్ అనే పలక ఊడిపోయింది. చోదకుడు ఎలాగో క్షేమంగా దిగాడు. కారణం తెలుసుకొనడానికి మరునాడే లెఫ్టినెంట్ షిమోకవా అనే అనుభవజ్ఞుడు స్వయంగా అదే విధమైన పరీక్షకు పూనుకొన్నారు. ప్రమాదమని తెలిసి కూడా ఆయన విమానాన్ని క్రిందికి దూకించారు. ఎడమ రెక్క నుంచి ముక్కలు రాలడం క్రింద నిలిచినవారు చూశారు. విమానం సముద్రంలో కూలింది. షిమోకవా తిరిగి రాలేదు.

ఈ దుర్ఘటన హోరికోషిని కలచివేసింది. వాయుసొరంగంలో పరీక్షించినప్పుడు ఆ వేగంలో రెక్కకు ప్రమాదం లేదని తేలింది కదా! నమూనా చెప్పిన మాట అబద్ధమెలా అయింది? నౌకాదళ పరిశోధన సంస్థలో ప్రకంపనాల శాస్త్రం తెలిసిన తదాషి మత్సుదైరా ఈ చిక్కుముడిని విప్పారు. మొదటి నమూనా ఆకారంలో అసలు రెక్కను పోలినదే. కాని రెక్క ఎక్కడ ఎంత గట్టిగా ఉన్నది, గాలి మెలితిప్పినప్పుడు ఎంతవరకు ఓర్చుకొంటుంది అనే గుణం అందులో అసలుకు అనుగుణంగా లేదు. బరువునూ, దృఢత్వాన్నీ కూడా అసలు రెక్కలో ఉన్న పాళ్ళలోనే అమర్చి కొత్త నమూనాను చేసినప్పుడు, అది లోగడ లెక్కించిన దానికన్నా తక్కువ వేగంలోనే వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకునే ఫ్లట్టర్ అంటారు. చోదకుల శ్రమ తగ్గించడానికి కొత్తగా ఐలెరాన్లకు చేర్చిన చిన్న పలకలు ఆ ప్రమాదాన్ని మరింత దగ్గరకు తెచ్చాయని కూడా తేలింది. వెంటనే రెక్క పై రేకును మందం చేశారు, ఐలెరాన్ల సమతూకాన్ని సరిదిద్దారు, దూకే వేగానికి హద్దు విధించారు. రూపసాదృశ్యం ఒక్కటే నమూనాను యథార్థం చేయదనే సత్యాన్ని ఇంజనీర్లు ఒక మనిషి ప్రాణం వెచ్చించి నేర్చుకోవలసి వచ్చింది.

ఇక యుద్ధరంగంలో జీరో సాధించిన విజయాలు లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. 1940 సెప్టెంబరు 13న చైనాలోని చుంగ్‌కింగ్ నగరం మీద జరిగిన తొలి పోరాటంలో పదమూడు జీరోలు ఒక్కటి కూడా నష్టపోకుండా చైనా విమాన దళాన్ని చెల్లాచెదరు చేశాయి. ఆ నగరం మీద బాంబులు వేసే జపాను విమానాలకు ఇక అడ్డు లేకుండా పోయింది. నేల మీద సామాన్య ప్రజలు అనుభవించిన దుఃఖానికి అంతు లేదు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీద, 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద జరిగిన దాడులలో జీరోలు పాల్గొన్నాయి. మరునాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే మరొక విమాన వాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. బాంబులు వేసిన ఆ విమానాలు జీరోలు కావు. అయినా ఆ యుద్ధపు నీడ తెలుగు తీరాన్ని కూడా తాకింది.

విజయగర్వం ఎంతోకాలం నిలువలేదు. 1942 జూన్ 4న అల్యూషియన్ దీవులలోని అకుటాన్ అనే చోట ఒక జీరో బురదనేల మీద దిగబోయి తలక్రిందులైంది. చోదకుడు మరణించినా విమానం దాదాపు చెక్కుచెదరలేదు. అమెరికన్లు దానిని స్వదేశానికి తీసుకుపోయి, బాగుచేసి, ఎగురవేసి, దాని బలహీనతలను పరిశీలించారు. అధిక వేగంలో అది ప్రక్కకు దొర్లడంలో మందగిస్తుందని గ్రహించారు. అంతకన్నా ముఖ్యమైన లోపం కంటికే కనిపించింది. చోదకుని వీపు వెనుక రక్షణ కవచం లేదు. గుండు దిగితే తనంతట తాను మూసుకొనే ఇంధన తొట్టి లేదు. నౌకాదళం వాటిని కోరలేదు. బరువును పరమశత్రువుగా భావించిన రూపకర్త వాటిని చేర్చలేదు. దాడి చేయడంలో అద్వితీయమైన ఆ విమానం, దెబ్బ తగిలితే నిప్పు అంటుకొనేది. రెండు వేల అశ్వశక్తిగల అమెరికా విమానాలు వచ్చిన తరువాత జీరో చోదకులు పెద్ద సంఖ్యలో నేలకొరిగారు. ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన వారి స్థానాన్ని నింపడం జపానుకు సాధ్యపడలేదు. 1944 అక్టోబరు నుంచి ఆ విమానాలనే శత్రునౌకల మీదికి దూకి ఆత్మాహుతి చేసుకొనే దళాలకు కేటాయించారు. వాటిని నడిపినవారిలో ఎందరో ఇరవై ఏళ్ళు నిండీ నిండని యువకులు.

హోరికోషి ఈ యుద్ధాన్ని కోరుకొన్నవారు కారు. అమెరికా పారిశ్రామిక శక్తిని కళ్ళారా చూసిన ఆయన జపాను గెలుస్తుందని నమ్మలేదు. యుద్ధం రాకుండా పాలకులు ఏదో ఒక మార్గం చూస్తారని ఆశించారు. అయినా తన బల్ల ముందు నుంచి లేవలేదు. రైడెన్, రెప్పూ అనే మరి రెండు యుద్ధవిమానాలను రూపొందించారు. పని భారం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1944 డిసెంబరులో నగోయాను మొదట భూకంపం, తరువాత అమెరికా బాంబులు కుదిపివేశాయి. కొరియా నుంచి తీసుకువచ్చిన బాలికలచేత కూడా ఆ కర్మాగారంలో పని చేయించారు. వారిలో కొందరు భూకంపంలో మరణించారు. హోరికోషి ఊపిరితిత్తుల పొర వ్యాధితో కొన్ని నెలలు మంచం పట్టారు. 1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. అప్పటికి మిత్సుబిషి, నకజిమా సంస్థలు కలిసి పదివేలకు పైగా జీరోలను తయారుచేశాయి. ఓడిన దేశంలో విమానాలు నిర్మించడాన్ని విజేతలు నిషేధించారు. ఆ నిషేధం 1952 వరకు సాగింది.

నిషేధం తొలగిన తరువాత హోరికోషికి మరొక సుదినం వచ్చింది. జపాను స్వయంగా ఒక ప్రయాణిక విమానాన్ని నిర్మించాలని సంకల్పించి, దాని తొలి రూపకల్పనకు ఐదుగురు పేరుపొందిన ఇంజనీర్లను పిలిచింది. హోరికోషితోపాటు ఆయన సహాధ్యాయులైన కిమురా, దోయి కూడా అందులో ఉన్నారు. ఆ కృషి నుంచి రూపుదిద్దుకొన్న వై.ఎస్.-11 అనే విమానం 1962 ఆగస్టు 30న ఎగిరింది. 1964 టోక్యో ఒలింపిక్ జ్యోతిని జపానులో ఊరూరికీ చేర్చడంలో ఆ విమానం పాలు పంచుకొన్నది. అదే సంవత్సరం అక్టోబరులో టోక్యో, ఒసాకా నగరాల మధ్య షింకాన్సెన్ రైలు పరుగు ప్రారంభించింది. అధిక వేగంలో రైలుపెట్టెలు పట్టాల మీద ప్రక్కలకు ఊగకుండా చేసిన ఇంజనీర్లలో ప్రముఖుడు, నాడు షిమోకవా మరణానికి కారణం కనుగొన్న మత్సుదైరాయే. యుద్ధవిమానపు రెక్క నేర్పిన ప్రకంపన శాస్త్రం శాంతికాలంలో ప్రయాణికుల ప్రాణాలకు రక్షణగా నిలిచింది.

జీవిత చరమభాగంలో హోరికోషి అధ్యాపకులుగా పనిచేశారు. టోక్యో విశ్వవిద్యాలయంలోనూ, జాతీయ రక్షణ అకాడమీలోనూ, నిహోన్ విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థులకు బోధించారు. జీరో పుట్టుకను గురించి 1970లో ఒక గ్రంథాన్ని ప్రచురించారు. అందులో విజయాలతోపాటు ప్రమాదాలను, వాటి కారణాలను కూడా వివరించారు. 1982 జనవరి 11న, 78వ ఏట, టోక్యోలో కన్నుమూశారు. 2013లో హయావో మియాజాకీ ఆయన జీవితాన్ని ఆధారంగా చేసుకొని ఒక చిత్రాన్ని నిర్మించారు. అందులోని ప్రేమకథ కల్పితమైనా, తన కల యుద్ధానికి ఆయుధం కావడం చూసిన శిల్పి వేదన మాత్రం కల్పితం కాదు.

నేడు మిగిలిన జీరోలు మ్యూజియాలలో కొన్ని మాత్రమే. ఆయన ఎంచుకొన్న మిశ్రమ లోహం బలమైనదే గాని కాలక్రమంలో తుప్పుకు లొంగిపోయేది. అసలు విమానాలు అరుదైపోగా వాటి నమూనాలు లోకమంతటా వ్యాపించాయి. కొయ్యపనికి పేరుపొందిన షిజువోకా నగరం యుద్ధానంతరం నమూనాల తయారీకి కేంద్రమైంది. అక్కడి టామియా వంటి సంస్థలు మొదట కొయ్యతోనూ, 1960 ప్రాంతం నుంచి ప్లాస్టిక్‌తోనూ నమూనాలను తయారుచేశాయి. తొలి జీరో రెక్కల పొడవు 12 మీటర్లు. నలభై ఎనిమిదవ వంతు నమూనాలో అది 25 సెంటీమీటర్లవుతుంది. ముప్పై రెండవ వంతు నమూనాలో 37.5 సెంటీమీటర్లవుతుంది.

అటువంటి నమూనాను శ్రద్ధగా కూర్చేవారు తెలియకుండానే హోరికోషి ఆలోచనల వెంట నడుస్తారు. పని చోదకుని గదితో మొదలవుతుంది. ఆకుపచ్చ రంగు వేసిన ఆ ఇరుకు గదిలో పట్టకారుతో ఆసనాన్ని నిలిపేటప్పుడు దాని వీపున రంధ్రాలు కనిపిస్తాయి. అవి అలంకారాలు కావు. గ్రాముల కోసం జరిగిన పోరాటానికి గుర్తులు. రెండు వరుసలుగా పేర్చిన పద్నాలుగు సిలిండర్ల ఇంజను చిన్నదనాన్ని చూస్తే ఇంత తక్కువ శక్తితో అంత దూరం ఎలా పోయిందనే ఆశ్చర్యం కలుగుతుంది. అతుకుల వద్ద ఎండిన జిగురును ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసేటప్పుడు, అణిగి ఉన్న రివెట్ల విలువ చేతివేళ్ళకే తెలుస్తుంది. రెక్క చివర అర మీటరు ముక్క పైకి మడిచే ఏర్పాటు, నౌకలోని లిఫ్టులో విమానం పట్టడానికి చేసినది. రెక్క మొదలు నుంచి చివరకు పోయేకొద్దీ సుమారు రెండున్నర డిగ్రీలు మెలితిరిగి ఉంటుంది. నిదానంగా మలుపు తిరిగేటప్పుడు రెక్క కొసలు పట్టు తప్పకుండా చూడడానికి హోరికోషి చేసిన ఆ మెలిక, తెలిసి చూసినవారికే కనిపిస్తుంది. చివరగా బూడిదరంగు పూసి, నీటిలో నానబెట్టిన ఎర్రని సూర్యబింబపు ముద్రలను రెక్కల మీద అతికిస్తే నమూనా పూర్తవుతుంది.

అయినా ఈ నమూనాకు కూడా ఒక హద్దు ఉన్నది. అసలు విమానపు రేకు చాలా చోట్ల ఒక మిల్లీమీటరు కన్నా పలుచనిది. నలభై ఎనిమిదవ వంతు నమూనాలో ప్లాస్టిక్ మందం ఒక మిల్లీమీటరు ఉన్నదనుకొంటే, అసలు విమానంలో అది 48 మిల్లీమీటర్ల మందానికి సమానం. బల్ల మీది జీరో ఆ లెక్కన కోటగోడ వలె దృఢమైనది. ఆకాశంలోని జీరో అలా లేదు. నాడు వాయుసొరంగంలో జరిగిన పొరపాటు ఇక్కడ నిరపాయంగా పునరావృతమవుతున్నది. ఆకారం కళ్ళకు కనిపిస్తుంది, పలుచదనం కనిపించదు. ఆ పలుచదనం వలన లభించిన వేగమూ కనిపించదు, దాని వలన పోయిన ప్రాణాలూ కనిపించవు.

హోరికోషి ప్రతిభను కొనియాడేవారు ఉన్నారు. ఆ ప్రతిభ ఎవరి చేతిలో ఆయుధమైనదో గుర్తుచేసి నిందించేవారూ ఉన్నారు. ఇరువురి మాటలోనూ నిజమున్నది. ఆయన తన లెక్కలో ప్రతి గ్రామునూ తూచారు. కాని ఆ కాలపు జపాను సైనిక నాయకత్వం చోదకుని ప్రాణాన్ని ఆ లెక్కలోకి తీసుకోలేదు. ఆయన కూడా తీసుకోలేకపోయారు. ఒక వస్తువును నిర్మించేవారు అది ఎంత వేగంగా పోగలదని మాత్రమే గాక, విరిగినప్పుడు ఎవరి మీద విరుగుతుందని కూడా యోచించాలి. జీరో నమూనాను కూర్చే యువకుడు ఆసనాన్ని అతికించి దాని వెనుక భాగాన్ని చూసినప్పుడు, అక్కడ కవచం ఉండవలసిన చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఆ భాగం పెట్టెలో నుంచి జారిపోలేదు. అసలు విమానంలోనే అది లేదు.